కుడి ఊపిరితిత్తి మీద జడ

ఇది చావుకు ఎదురు నిలిచిన మహాగాథ. అబద్ధం, ఒక జడ కథ. రెండేళ్ల కిందటి మే నెల, హనుమకొండలో ఓ చిన్న డయాగ్నస్టిక్ సెంటర్. నేనక్కడ రేడియోగ్రాఫర్‌ని. అంటే రోజంతా "ఊపిరి బిగబట్టండి" అని చెప్పి, "ఇక వదలండి" అనడం మరిచిపోకపోతే జీతం ఇస్తారు.

కాజీపేటలో కూరగాయలమ్మే రాజయ్య తన కూతురు స్వప్నను తీసుకొచ్చాడు. ఆమెకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. మెడికల్ ఫిట్‌నెస్‌కు ఛాతీ ఎక్స్-రే రిపోర్టు సాయంత్రంలోగా ఇవ్వాలి. తీశాను. కుడి ఊపిరితిత్తి పైభాగంలో తెల్లటి మచ్చ. టీబీ తరచుగా కాపురం పెట్టే చోటు అదే.

"గదేంది తమ్మీ?" అన్నాడు రాజయ్య తెర చూసి.

"డాక్టర్ చెప్తరు... టీబీ కావచ్చు," అని నోరు జారాను.

రాజయ్య బెంచీ మీద కూలబడ్డాడు. "ఇంట్ల ఎవ్వలికీ దగ్గు సుత లేదు! నౌకరి పోయినట్టేనా?"

రిపోర్టు రాసే డాక్టర్, అంటే రేడియాలజిస్టుకు పంపేముందు మళ్లీ చూశాను. మచ్చ ఊపిరితిత్తితో ఆగకుండా భుజం దాటి మెడ మీదికి ఎక్కింది. ఏ టీబీకీ అంత ఉత్సాహం ఉండదు. పైగా తాడు పేనినట్టు మెలికలు. స్వప్న వైపు తిరిగాను. మంచి పని మీద పోతున్నామని పొద్దున్నే తలకు పోసుకొని, తడి ఆరకముందే నూనె రాసి అల్లిన లావుపాటి జడ.

"ఫోటో తీసేటప్పుడు జడ ఎటుండె చెల్లే?"

"ఎనుకనే ఉండె. మీరు పైకి కట్టుమనలే గదన్నా."

అనలేదు. జడ పైకి కట్టించి చూసుకోవడం నా పని.

"ఇంకొకటి తీయాలె కాకా," అన్నాను.

రాజయ్య లేచాడు. "ఆగు. టార్చి వెలుగుకు జడ అడ్డమొస్తదంటే ఒప్పుకుంట. నీ ఎక్స్-రే బొక్కలదాక పోతదంటరు, జడకాడ ఆగుతదా?"

మంచి ప్రశ్నే. నాకు తెలిసింది చెప్పాను. ఫోన్ సిగ్నల్, టార్చి వెలుగు, ఎక్స్-రే ఒకే కుటుంబం. శూన్యంలో మూడింటిదీ ఒకే వేగం. తేడా వేవ్‌లెంగ్త్‌లో ఉంది, అంటే అలలో ఒక శిఖరం నుంచి పక్క శిఖరానికి ఉన్న దూరం. ఫోన్ అల దాదాపు జానెడు. వెలుగుది వెంట్రుక మందంలో సుమారు వందో వంతు. ఎక్స్-రేది పరమాణువు కన్నా చిన్నది. అల పొట్టిదైన కొద్దీ ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, పెరుగుతుంది. దానితోపాటు శక్తీ పెరుగుతుంది. వెలుగు జడ దగ్గరే ఆగిపోతుంది. ఎక్స్-రే దూరి పోతుంది గానీ దారిలో తనలో కొంత ఎముకకు ఎక్కువ, తడి జడకు కాస్త ఇచ్చుకుంటూ పోతుంది. కిరణం తక్కువ చేరిన చోటు తెల్లగా పడుతుంది, అందుకే దాదాపు ఏమీ ఆపని, గాలి నిండిన ఊపిరితిత్తి మీద ఆ కాస్తే మచ్చలా కనబడుతుంది.

"అయితే ఫోన్ లెక్కనే, ఎన్నిసార్లన్న తియ్యొచ్చు?"

"తియ్యొద్దు కాకా. ఫోన్ అలకు ఒంట్ల కణాన్ని చెడగొట్టే బలం లేదు, దీనికుంది. ఇంకొక్కదానికి ఫికర్ లేదు. కానీ ఇది నా తప్పుకు తీస్తున్న."

"తప్పు నీది, ఊపిరి బిగబట్టుడు మా పిల్లదా?"

స్వప్న నవ్వి జడను నెత్తి మీద ముడేసుకుంది. రెండో ఎక్స్-రేలో మచ్చ లేదు. రేడియాలజిస్టు నార్మల్ అని రాసిచ్చారు. రిపోర్టు తీసుకొని తండ్రీకూతుళ్లు ఆటో కోసం పరుగెత్తారు.

ఎముక దాకా చూపించే కిరణానికి కూడా చర్మం బయట ఏముందో చూసిపెట్టే మనిషి కావాలని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత గదిలో జడ క్లిప్పుల డబ్బా ఒకటి పెట్టాను. వారానికి నాలుగైదు జడలతోపాటే వెళ్లిపోతున్నాయి.