నాంచారయ్య తెచ్చిన కోడి

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకంటే లేదు. గుడివాడలో ముప్పై ఏళ్లు పిల్లలకు జువాలజీ చెప్పాను. హాస్టల్లో ఏదో తెల్లగా కనిపించిందని ఏడుస్తూ వచ్చిన అమ్మాయిలను ముందు రక్తపరీక్ష చేయించుకోమని పంపేదాన్ని. మనకు తెలియని కారణం ఉంటుంది గానీ కారణం లేనిది ఉండదని బల్ల గుద్ది చెప్పేదాన్ని. ఇది చదివి మీరు నవ్వుకుంటే తప్పు పట్టను. మీ స్థానంలో ఉంటే నేనూ నవ్వేదాన్నే.

రిటైరయ్యాక బందరులో చిన్న ఇల్లు తీసుకున్నాను. ఒంటరి మనిషిని. పెరటి తలుపు తీస్తే సందు, సందు దాటితే పార్కు వెనక గేటు. పార్కు మధ్యలో ఒక చెరువు, అందులో జమ్ము పెరిగిన మట్టిదిబ్బ. వానాకాలం రాగానే ఆ దిబ్బ మీదికి ఈల బాతులు వచ్చి గూళ్లు పెట్టుకునేవి. అడవి బాతులే, ఎవరూ పెంచినవి కావు. ఎగిరేటప్పుడు సన్నగా ఈల వేస్తాయి కాబట్టి అందరం అలా పిలిచేవాళ్లం.

వాటిని చూసుకునేది తోటమాలి నాంచారయ్య. దివిసీమ మనిషి, చల్లపల్లి దాటి ఏదో పల్లె. అరవై దగ్గర పడ్డవాడు. రోజూ మోకాలిలోతు నీళ్లలో దిబ్బ దాకా వెళ్లి చూసి వచ్చి, వాకింగ్‌కు వచ్చిన మా అందరికీ ఏ గూట్లో ఎన్ని గుడ్లున్నాయో చెప్పేవాడు. సొంత మనవల సంగతి చెబుతున్నంత సంబరంగా చెప్పేవాడు.

రెండేళ్ల కిందటి వానాకాలంలో ఏడు గూళ్లు పెట్టాయి. అవి ఒక్కొక్కటే ఖాళీ అవడం మొదలైంది. ముందు రోజు నిండుగా ఉన్న గూడు తెల్లారేసరికి బోసిగా ఉండేది. పెంకు లేదు, ఈక లేదు, రక్తపు చుక్క లేదు. పాము అయి ఉంటుందన్నాను, పాము గుడ్లను అలాగే మింగేస్తుంది కాబట్టి. కానీ గుడ్లతో పాటు ఆ గూటి బాతుల జంట కూడా కనిపించకుండా పోయేది. ముంగిస అయితే పెంకులు మిగులుస్తుంది. కుక్క అయితే ఈకలు మిగులుస్తుంది. దిబ్బ చుట్టూ మెత్తటి బురద. ఆ బురదలో నాంచారయ్య అడుగులు తప్ప వేరే జాడ లేదు.

ఆరో గూడు పోయిన రోజు పార్కు బెంచీ దగ్గర అందరూ నా ముఖం చూశారు. జువాలజీ మేడమ్‌ని కదా. "ఇక మిగిలింది మనిషేనండీ" అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. మర్నాటికల్లా పార్కు కాంట్రాక్టరు నాంచారయ్యను పనిలోంచి తీసేశాడు. బాతుల్ని కూర వండుకున్నాడని, గుడ్ల దొంగ అని చెప్పుకున్నారు. నేను విన్నాను. కాదనలేదు.

ఆ సాయంత్రమే అతను మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. చంకలో గంప, గంపలో పొదుగుడుకు వచ్చిన నల్లకోడి.

"మేడమ్ గారండీ, ఇంకో గూడుందండీ, తొమ్మిది గుడ్లు. మా వైపు బాతుగుడ్లు కోడి కిందే పొదిగిస్తామండీ. మీరే తీసుకొచ్చి మీ గదిలోనే పెట్టుకుని తాళం వేసుకోండి. పిల్లలయితే నేను దొంగని కాదని మీకే తెలుస్తుంది."

నీళ్లలోకి దిగడం నావల్ల కాదంటే తనే దిగి ఆ గుడ్లు తెచ్చాడు. గంపలో గడ్డి సర్ది, ఒక మూల ఇనుప మేకు, బొగ్గుముక్క, ఎండుమిరపకాయ పెట్టాడు. అవెందుకయ్యా అంటే, "ఉరుములకి గుడ్లు మురిగిపోవండీ. మా ఆడాళ్లు ఇవి లేకుండా కోడిని కూర్చోబెట్టరు" అన్నాడు. అతను వెళ్లగానే ఆ మూడూ తీసి కిటికీలో పెట్టాను. ఆ బొగ్గుతోనే గుడ్ల మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వేశాను. ఎవరైనా మారిస్తే తెలియాలని. అప్పటికీ నాకు అతని మీద అనుమానమే. చివరి గూటి జంట ఆ పూటంతా పార్కు మీద ఈలలు వేస్తూ తిరిగింది. మర్నాడు చూస్తే అవీ లేవు.

గది సంగతి చెబుతాను. ఒకటే తలుపు, తాళం చెవి నా కొంగుకు ఉండేది. కిటికీకి దోమల జాలీ. నీళ్లు పోయే తూముకు గుడ్డ కుక్కాను. రోజూ ఉదయం పదింటికి కోడిని ఎత్తి పెరట్లో నూకలు వేసి, అది తినేలోపు గుడ్లు లెక్కపెట్టేదాన్ని.

ఆరో రోజు కూడా తొమ్మిదీ చూశాను, చేత్తో తాకి చూశాను. వెచ్చగా ఉన్నాయి. కోడిని కూర్చోబెట్టి తాళం వేసి వంటింట్లోకి వచ్చాను. బియ్యం కడుగుతుంటే ఇంటి మీదుగా ఈల వినిపించింది. బాతులు తిరిగొచ్చాయని సంతోషంగా బయటికి పరిగెత్తాను. ఆకాశంలో ఏమీ లేదు. ఎందుకో గది తాళం తీశాను. కోడి కదలకుండా కూర్చునే ఉంది. ఎత్తి చూస్తే కింద గుడ్లు లేవు. గడ్డిలో తొమ్మిది గుంటలున్నాయి, వేలు పెడితే ఇంకా వెచ్చగానే ఉన్నాయి. కోడి పొట్ట ఈకలకు బొగ్గుమసి అంటుకుని ఉంది. పామే వచ్చి ఉంటే కోడి గోల చేసి వీధిని లేపేది.

దాన్ని కింద దించితే మళ్లీ వెళ్లి గంపలోనే కూర్చుంది. అక్కడ లేని గుడ్డును ముక్కుతో పొట్ట కిందికి జరుపుకుంది. తర్వాత ఇంకోదాన్ని.

ఇక్కడే నేను చేసిన పాపం ఉంది. నాంచారయ్య దొంగ కాదని ఆ క్షణమే నాకు తెలుసు. ఆ మాట పార్కులో చెప్పాలంటే తాళం వేసిన గదిలోంచి తొమ్మిది గుడ్లు మాయమయ్యాయని నా నోటితో చెప్పాలి. మేడమ్‌కు మతి పోయిందంటారు. ముప్పై ఏళ్లు అందరినీ వెక్కిరించిన దాన్ని, నన్ను వెక్కిరిస్తారని భయపడ్డాను. ఈ రోజు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ మూడు వారాలు నోరు మూసుకున్నాను.

ఆ మూడు వారాలూ కోడి గంప వదల్లేదు. పిల్లలు పుట్టాల్సిన రోజును నేను ముందే లెక్క వేసుకుని క్యాలెండర్లో గుర్తు పెట్టాను. సరిగ్గా ఆ రోజు ఉదయం అది తనంతట తానే గంప దిగింది. పిల్లల కోడి ఎలా పిలుస్తుందో అలా పిలుస్తూ, నాలుగడుగులు వేసి ఆగుతూ, వెనక్కి చూసుకుంటూ పెరట్లోకి వచ్చింది. నూకలు వేస్తే తినలేదు. కాళ్లతో చిమ్మి, పక్కకు జరిగి నిలబడింది. తర్వాత సందు దాటి పార్కులోకి నడిచింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెంట వెళ్లాను.

కోడి పొదిగిన బాతుపిల్లలు నీళ్లు చూడగానే దిగిపోతాయి. తల్లికోడి దిగలేక గట్టున అటూ ఇటూ పరిగెడుతూ గొంతు పోయేలా అరుస్తుంది. మా ప్రాంతంలో అది చూడనివాళ్లుండరు. ఆ కోడి చెరువు గట్టున అలాగే పరిగెత్తింది, అలాగే అరిచింది. బాగా ఎండ కాస్తోంది. చెరువంతా పచ్చటి నాచు పరుచుకుని ఉంది. గట్టు దగ్గర ఆ నాచు సన్నగా చీలింది. ఒక గీత, పక్కన ఇంకో గీత. దిబ్బ వైపు సాగుతూ, వెనకనుంచి మళ్లీ కలిసిపోతూ వెళ్లాయి. లెక్కపెట్టడం నాకు అలవాటు. తొమ్మిది. వాటి ముందు ఏ ప్రాణీ లేదు.

మర్నాడు చల్లపల్లి బస్సెక్కాను. అక్కణ్ణుంచి ఆటోలో నాంచారయ్య పల్లెకు వెళ్లాను. గుమ్మంలో ఉన్న ఆడమనిషి నుదుట బొట్టు లేదు. పార్కు పని పోయాక అతను రొయ్యల చెరువు కాపలాకు వెళ్లాడట. పది రోజుల కిందట ఒక పొద్దున గట్టు మీద కూలబడి, అక్కడికక్కడే ప్రాణం వదిలాడట. నేను బందరు మేడమ్‌నని చెప్పి, వచ్చిన పని చెప్పేలోపే ఆమె అడిగింది.

"మా ఆయన రోజూ అడుగుతానే ఉండేవాడండీ. గుడ్లు పిల్లలయ్యాయాండీ?"

"అయ్యాయమ్మా" అన్నాను. "తొమ్మిదీ అయ్యాయి."

ఆమె ముఖం తేటపడింది. కళ్లు తుడుచుకుని, "అయితే ఆ మాట బందరులో అందరికీ చెప్పండమ్మా" అంది.

చెప్పాను. అంతా చెప్పాను, ఉన్నది ఉన్నట్టు. కొందరు జాలిగా చూశారు. ఒకాయన మంచి డాక్టరు పేరు చెప్పాడు. నాంచారయ్య పేరు మాత్రం మారలేదు, ఇప్పటికీ అతన్ని గుడ్ల దొంగ అనే తలుచుకుంటారు.

ఆ తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. ఆ దిబ్బ మీద ఒక్క బాతూ వాలలేదు. కోడి నా దగ్గరే ఉంది. మళ్లీ గుడ్డు పెట్టలేదు. నూకలు వేస్తే ఈ రోజుకీ కాసేపు పక్కన నిలబడి, ఆ తర్వాతే తింటుంది. నేను కొంచెం ఎక్కువే వేస్తాను.

గూళ్లు ఎందుకు ఖాళీ అయ్యాయో నాకు తెలియదు. నాచును చీల్చింది ఏమిటో తెలియదు. ఆమెతో నేను అన్నది నిజమో అబద్ధమో కూడా తెలియదు. నాంచారయ్యకు ఆ పేరు ఎవరు పెట్టారో మాత్రం తెలుసు.