మూడు షిఫ్టుల బంపర్లు

కొత్తగా షిఫ్టు డ్యూటీలో చేరిన ఆ రోజుల్లో తెల్లవారిందో పొద్దుగూకిందో కూడా నేను ఇంకొకరిని అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి డ్యూటీ. నిద్ర లేచి మొహం కడుక్కుంటే చాలు, మా అత్త పళ్లెంలో అన్నం పెట్టి ముందుకు తోసేది. అది పొద్దటి తిండో రాత్రి తిండో ఆలోచించకుండా తినేయడం అలవాటైపోయింది. చదివింది డిప్లొమా, చేసేది పటాన్‌చెరు దగ్గర ఒక కంపెనీలో ట్రైనీ ఉద్యోగం. మా ఊరు బొంతపల్లి అవతల కాబట్టి, డ్యూటీకి దగ్గరని కర్దనూర్‌లో మా మేనమామ ఇంట్లో ఉండేవాణ్ని. ఇంత అయోమయంలో ఉన్న మనిషికి ఎవరైనా ఏదైనా పని అప్పగిస్తారా? మా మామ అప్పగించాడు. అదీ అల్లాటప్పా పని కాదు, ఒక పాత మిలిటరీ లారీని దగ్గరుండి బాగుచేయించే పని. "నువ్వు సదువుకున్నోనివి, నువ్వే ఇంచార్జివి" అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను కూడా.

ముందు మామ సంగతి చెప్పాలి. మామ మా కంపెనీలోనే ఇనుము కోసి, వంచి, వెల్డింగ్ చేసే షాపులో పెద్ద మేస్త్రీ. ఆ షాపు మూసేశారు. వయసులో ఉన్నవాళ్లను వేరే సెక్షన్లలో సర్ది, మామకు మాత్రం లెక్క తేల్చి ఇంటికి పంపారు. పంపుతూ కొంచెం దయ చూపించారు: కావాలంటే గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం ఉంది, దసరా లోపల ఏదో ఒక మాట చెప్పమన్నారు. అంటే తను పని నేర్పిన కుర్రాళ్లు బైకుల మీద లోపలికి పోతుంటే మామ ఖాకీ చొక్కా వేసుకుని వాళ్ల టిఫిన్ డబ్బాలు తెరిచి చూడాలి. "నేను పని నేర్పిన పోరగాండ్లకు నేనే సలాం గొట్టాల్నా?" అనేవాడు మామ. అత్తది వేరే లెక్క. "నీడ పట్టున కూసుండే నౌకరి. నీకేమన్న కుర్రతనం ఉన్నదా, ఇంకా ఎండల ఇనుము గొడ్తా అంటవు?" అనేది. ఇద్దరి మధ్య నేను ఎవరి వైపు తల ఊపాలో తెలియక ఇద్దరి వైపూ ఊపేవాణ్ని.

ఆ పోరు ఇట్లా నడుస్తుండగానే ఒకనాడు మామ వేలంలో పాడి మిలిటరీ లారీని ఇంటికి తోలుకొచ్చాడు. (తోలుకొచ్చాడని మాటవరసకు అంటున్నాను. నిజానికి ఒక ట్రాక్టరు దాన్ని తాడు కట్టి లాక్కొచ్చింది, మామ స్టీరింగ్ ముందు కూర్చొని అంతా తనే నడిపినట్టు మొహం పెట్టాడు.) పచ్చరంగు బండి గల్లీలోకి రాగానే పక్కింటి తాత అరుగు దిగి వచ్చి, "ఏంది పిల్లగా, యుద్ధమేమన్న మొదలైందా?" అని నన్ను అడిగాడు. నాకేం తెలుసు? రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాణ్ని, మొదలైందేమో అనే అనుకున్నాను.

మామ ఆలోచన తెలివైనదే. కంది ఊరి దగ్గర పెద్ద పెద్ద కట్టడాలు సాగుతున్నాయి. వానాకాలం అక్కడ మట్టి మోసే టిప్పర్లు బురదలో దిగబడుతుంటాయి. వాటిని లాగడానికి ఒక మొండి బండి కావాలని ఒక కాంట్రాక్టరు మామతో చెప్పాడు. బండి ఆర్టీవో ఫిట్‌నెస్ పరీక్ష పాసైతే కిరాయికి పెట్టుకుంటానన్నాడు. పాస్ కాకపోతే ఖాకీ చొక్కానే గతి. అంతా ఆ ఫిట్‌నెస్ మీదే ఉంది. ఇంజన్ ఒక మెకానిక్ చేతిలో పెడితే దారికొచ్చింది. పచ్చరంగు మిలిటరీ వాళ్లకు తప్ప ఎవరికీ ఉండకూడదన్నారని నీలం రంగు వేయించాం. మిగిలింది బంపర్లు. ఆ బండికి ముందూ లేదు, వెనకా లేదు, ఎవరో ఎప్పుడో పీక్కుపోయారు. "లాగే బండికి మూతి గట్టిగ ఉండాలె" అన్నాడు మామ. ఇక్కడి నుంచే నా అయోమయం అసలు మొదలైంది.

మామ పాత జట్టులోంచి వేరే సెక్షన్లకు పోయిన ముగ్గురు పనిమంతులు సాయానికి వచ్చారు. ఒకాయన లెవల్ కాక. ఏ వస్తువు కనిపించినా జేబులోంచి లెవల్ గొట్టం తీసి దాని మీద పెట్టి బుడగ మధ్యలో నిలబడిందా లేదా అని చూసేవాడు. (ఒకసారి మా ఇంట్లో భోజనం పళ్లెం మీద పెట్టాడు.) రెండో ఆయన డబులన్న. "డబుల్ ఏస్తె పరేషాన్ ఉండదు" అనేది ఆయన వేదం. మూడో ఆయన బీహార్ నుంచి వచ్చిన వెల్డర్, అందరికీ భయ్యా. ముగ్గురూ ఏళ్ల తరబడి ఒకే మిషన్ మీద పనిచేసినవాళ్లే, కానీ ముగ్గురిదీ ఎప్పుడూ వేరే వేరే షిఫ్టు. వారం వారం షిఫ్టులు మారినా అందరికీ ఒకేసారి మారేవి కాబట్టి ఒకరు దిగితే గానీ ఇంకొకరు ఎక్కేవారు కాదు. గేటు దగ్గర హెల్మెట్లలో ఒకరినొకరు చూసి తల ఊపుకోవడమే వాళ్ల స్నేహం. ఇక మా కంపెనీలో ఏ షిఫ్టు వాడైనా డ్యూటీ ఎక్కగానే మొదట అనే మాట ఒకటుంది: "ముందటి షిఫ్టోడు పని అంత ఖరాబ్ జేసి పోయిండు." ఇది అనకుండా మిషన్ ఆన్ చేయడం మహాపాపమన్నట్టు ఉండేవాళ్లు.

మా ఇంటి ముందున్న ఖాళీ జాగాలో కూడా పని అదే పద్ధతిలో సాగింది. ఎవరి డ్యూటీ అయ్యాక వాళ్లు వచ్చి చేసి పోతారు. ఒకరి మాట ఇంకొకరికి తెలియడానికి ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టాను. మొదట లెవల్ కాక వచ్చి, మందపాటి ఇనుప చానల్‌తో ముందు బంపర్ చేసి, ఎండ తగలకుండా లారీ వెనక గోడ నీడలో పెట్టి పోయాడు. తర్వాత వచ్చిన డబులన్న అది వెనక కనిపించేసరికి వెనక బంపర్ అయిపోయిందనుకున్నాడు. దాన్ని కాలితో ఒకసారి తట్టి, "గిదేం పని, సన్నగుంది" అని, ముందుకు ఇంకొకటి చేశాడు, రెండు చానళ్లు ఒకదాని మీద ఒకటి అతికించి. ఆ పైన భయ్యా వచ్చాడు. రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూశాడు. టిప్పర్లను లాగే బండి అంటున్నారు, దేనికీ కొక్కెం లేదు. ఇవేవో తుక్కు సామాను అనుకొని, ఒక గడ్డర్ ముక్క తెచ్చి, నా కాలంత కొక్కెంతో మూడోది తయారుచేశాడు. "ఫికర్ మత్ కరో భాభీ, హాథీ భీ ఖీంచేగా" అని, ఏనుగునైనా లాగేస్తుందని అత్తకు భరోసా ఇచ్చి వెళ్లిపోయాడు.

నేను డ్యూటీ చేసి పడుకొని లేచి చూసిన ప్రతిసారీ బంపర్లు పెరుగుతున్నాయి. కళ్లు నులుముకున్నా తగ్గలేదు. "అత్తా, నిన్న ఒక్కటే ఉండె గదా?" అని అడిగాను. "నువ్వు ఏ నిన్న గురించి అడుగుతున్నవ్ రా?" అంది అత్త. నిజమే, నాకూ తెలియదు. ఇంచార్జిని కదా, గ్రూపులో పెట్టాను: "బంపర్లు మూడయినయి, ఏం చేద్దాం?" లెవల్ కాక నుంచి జవాబు: "తక్కిన రెండు తీసెయ్." డబులన్న నుంచి: "నాది ఉంచి ఆ రెండు తీసెయ్." భయ్యా పంపిన గొంతు సందేశం: "బాకీ దోనో హటా దో." ముగ్గురూ ఒప్పుకున్నారు, కానీ ఏది తీసేయాలో నాకు అంతుపట్టలేదు. మామను అడిగితే తల పట్టుకున్నాడు. "డ్యూటీ దిగొచ్చి, పైస ముట్టకుండ, నా కోసం కష్టపడ్డరు రా. ఎవ్వల్ది వద్దంటం?" అన్నాడు. అందుకని మూడూ బిగించాం. ముందు ఒకదాని మీద ఒకటి రెండు, వెనక కొక్కెంది ఒకటి. లారీ ముందు భాగం నేల వైపు వంగిపోయింది. స్టీరింగ్ తిప్పడానికి మామ ఒక్కడి బలం చాలక నేను పక్క సీట్లోంచి లాగాల్సి వచ్చేది. అత్త వాకిట్లో నిలబడి చూసి, "మూతి ముంగటికొచ్చి అలిగిన పెండ్లికొడుకు తీరుగ ఉన్నది" అని లోపలికి పోయింది.

ఫిట్‌నెస్ చూసే సార్ సంగారెడ్డి దగ్గర ఒక మైదానంలో బండ్లను వరసగా నిలబెట్టి చూస్తున్నాడు. మా వంతు రాగానే బండి చుట్టూ నిదానంగా తిరిగాడు. మళ్లీ తిరిగాడు. చివరికి నా దగ్గరికొచ్చి, "దీనికి ముందేది, ఎనకేది?" అని అడిగాడు. ఆ క్షణాన నాకూ గట్టిగా గుర్తురాలేదు, అందుకని మామ ఎటు కూర్చున్నాడో చూసి చెప్పాను. సార్ కోప్పడలేదు, నవ్వనూ లేదు. "పెద్దమనిషీ, గిసొంటి బంపర్లు పెట్టొద్దు. ఇది గుద్దితె నీ బండికేం గాదు, ఎదురొచ్చిన బైకోని పానం పోతది. ఇవన్ని తీసేసి మామూలుది ఏసుకొని దసరా ముంగట రా" అన్నాడు. న్యాయమైన మాటే. తిరుగుదారిలో కంది దాటుతుంటే బురదలో ఒక టిప్పర్ వంగి నిలబడి ఉంది. మామ దాని వైపు చూడలేదు.

ఇంటికొచ్చి బండి దిగి, "ఖాకీ అంగి కుట్టియ్యి" అన్నాడు అత్తతో. "బంపర్లు కోసేస్తే అయిపోతది గదా మామా" అన్నాను. "వాళ్ల చేతి పనిని కొయ్యిమని వాళ్లకే ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె రా? నాతోని గాదు. గేటు కాడ నిలవడుడే నయం" అన్నాడు. నాకు మళ్లీ ఏమీ అర్థం కాలేదు. అత్త ఇన్నాళ్లూ అడిగింది ఇదే కదా, మరి ఆమె మొహం అట్లా వాడిపోయిందేం? వంటింట్లోకి వెళ్లి అదే అడిగాను. "నౌకరి జెయ్యమన్న గని, మనిషిని గిట్ల కుంగమన్ననా?" అంది కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. తర్వాత నా చేతిలోంచి ఫోన్ లాక్కొని, గ్రూపులో తనే మాట్లాడింది: "అన్నలూ, ఐతారం మీ అందరికి మా ఇంట్ల బువ్వ. ముగ్గురు ఒక్కసారే రావాలె."

ఆ ఆదివారం బాయిలర్ తనిఖీ కోసం కంపెనీ మొత్తం బంద్. అందుకే ముగ్గురికీ ఒకేసారి సెలవు దొరికింది. అత్త చర్చి నుంచి వచ్చి, బైబిల్ సంచీ గోడకు తగిలించి, పొద్దున వండి పెట్టిన మటన్ కూర వేడి చేసింది. వాళ్లు ముగ్గురూ చాప మీద కూర్చుని పెళ్లిచూపుల్లో పిల్లలా ఒకరినొకరు ఓరగా చూసుకుంటున్నారు. హెల్మెట్ లేకుండా భయ్యాకు బట్టతల ఉందని లెవల్ కాకకు అప్పుడే తెలిసింది. తిని చేతులు కడుక్కున్నాక అత్త అంది, "మీ బంపర్లు మంచిగున్నయి అన్నా, వంక పెట్టేటట్టు లెవ్వు. గని మా ఆయినకు గావాల్సింది బంపర్ గాదు, బండి. గవ్వి ఉంటె బండి పాస్ గాదట. కొయ్యిమని చెప్పనీకి ఆయినకు నోరొస్తలేదు. నేను చెప్తున్న, కొయ్యున్రి."

మామ తలుపు వెనక్కి జరిగాడు. చివరికి డబులన్న లేచి, "గింత దానికి పరేషాన్ ఎందుకే వదినె" అని గ్యాస్ కట్టర్ అందుకున్నాడు. తన బంపర్ ముందు కూర్చున్నాడు, మంట వెలిగించాడు, ఆర్పేశాడు. "నాది నాకు కొయ్యబుద్ధయితలేదు" అన్నాడు. మిగతా ఇద్దరిదీ అదే కథ. సరే, ఒకరిది ఒకరు కోయాలని తేల్చారు. అక్కడ మాత్రం అందరికీ హుషారొచ్చింది. ఇన్నేళ్లు తిట్టుకున్న ముందటి షిఫ్టు పని కోసి పారేసే అవకాశం మళ్లీ మళ్లీ వస్తుందా? డబులన్న లెవల్ కాక బంపర్ మీద పడ్డాడు. కానీ ఎంతసేపటికీ అతుకు ఊడదు. చెమట తుడుచుకుని, "కాకా, అతుకు లోపలి దాంక ఏసినవేందే" అన్నాడు. డబులన్న బంపర్ కోస్తున్న భయ్యా ఆగి, "క్యా జోడ్ మారా హై" అని, ఏం అతుకు వేశాడన్నట్టు దాని మీద చెయ్యి వేసి నిమిరాడు. లెవల్ కాక, భయ్యా చేసిన కొక్కెం మీద లెవల్ గొట్టం పెట్టి చూసి, బుడగ సరిగ్గా మధ్యలో నిలబడితే, ఎవరికీ చూపించకుండా దాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో ఒకరి పనిని ఒకరు సరిగ్గా చూసింది అదే మొదటిసారి, అదీ కోస్తున్నప్పుడు.

పొద్దుగూకే లోపల, కోసిన దాంట్లోంచే ఒక సన్నటి ముక్క తీసి, ముగ్గురూ కలిసి మామూలు బంపర్ ఒకటి చేశారు. ఒకరు పట్టుకుంటే ఒకరు అతికించారు, ఒకరు గీకారు. మామ కూడా తలుపు వెనకనుంచి వచ్చి కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఇంచార్జిగా నాకు టేపు కొస పట్టుకునే పని దొరికింది.

ఫిట్‌నెస్ సార్ ఈసారి ఒక్కసారే తిరిగాడు. బంపర్ మీద వేలితో తట్టి, "పని సాఫ్‌గుంది. ఎవ్వలు జేసిండ్రు?" అని అడిగాడు. "మా కంపెనోళ్లే సార్" అన్నాడు మామ. ఆ కంపెనీ తనను పంపేసిన సంగతి ఆ క్షణాన గుర్తు లేనట్టుంది. సార్ ఇంట్లో కూడా ఎవరో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లు ఉన్నారేమో, "ఏ షిఫ్టోళ్లు?" అని అడిగాడు. "ఏ షిఫ్ట్ అంటె ఏం చెప్పాలె సార్, అందరు ఒక్కకాడనే ఉండిరి" అన్నాడు మామ. అని, బండి పాసైన మనిషి నవ్వాల్సింది పోయి, తువ్వాలుతో ముక్కు చీదుకున్నాడు. పక్క సీట్లో ఉన్న నాకు ఏమీ అర్థం కాలేదు. పడిశం పట్టిందేమో అనుకొని, తిరుగుదారిలో మందుల దుకాణం దగ్గర బండి ఆపమని కూడా అన్నాను.

ఇప్పుడు నేను రెండే షిఫ్టులు నడిచే వేరే కంపెనీలో షిఫ్టు ఇంచార్జిని. నా తర్వాత డ్యూటీ ఎక్కే ఆయన, నేనూ హాజరు వేసే పంచింగ్ మిషన్ దగ్గర తల ఊపుకొని విడిపోతుంటాం. ఆయన పని ఖరాబ్ చేసి పోయాడని రోజూ తిట్టుకుంటాను, ఆయనా నన్ను అదే అంటుంటాడని తెలుసు. ఒక ఆదివారం ఇంటికి భోజనానికి పిలుద్దామని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను. పిలవడానికి ఒక సాకు కావాలి కదా, చూడబోతే మా ఇంట్లో కోయాల్సిన బంపర్ ఒక్కటీ లేదు.