మక్తల్ దగ్గర ఒక గోడ, మూతి లేని తల్లి

మహబూబ్‌నగర్‌లో నాతో చదివిన స్నేహితురాలు తన ఊళ్లోని ఒక గోడ బొమ్మను ఫోన్‌లో పంపింది. దున్నిన సాళ్లలోంచి మొక్కల్లా నిచ్చెనలు మొలిచాయి. పైన మబ్బుల్లో ఒక మేక మేస్తోంది. కింద మూతి లేని స్త్రీ ఒకామె కూర్చుని ఉంది. నిచ్చెనలు ఆశ అనీ, మేక స్వేచ్ఛ అనీ, ఆ స్త్రీ మాట చెల్లని పల్లె అనీ నోటుపుస్తకంలో రెండు పేజీలు రాసుకున్నాను. ఫోటో చూసే ఇంత రాశాక అసలు బొమ్మ చూడకపోవడం సిగ్గనిపించింది.

ఉదయం ఏడింటికి మహబూబ్‌నగర్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కి, దేవరకద్ర, మరికల్ మీదుగా తొమ్మిది దాటాక మక్తల్‌లో దిగాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. అక్కడి నుంచి ఊరికి షేర్ ఆటో, ముప్పై రూపాయలు.

"బొమ్మ సూడనీకి గింత దూరమొచ్చినవా చెల్లె? మీ ఇంట్ల టీవీ లేదా?" అని డ్రైవర్ నవ్వాడు. ఎవరిల్లో చెప్పగానే నవ్వు ఆపాడు. "బాలమ్మ ఇల్లా? రేపే పెత్తరమాస. ఇయ్యాల సున్నమేస్తాంది. జర జల్ది పోదాం."

చనిపోయినవాళ్ల పేరున బియ్యం ఇచ్చే ఆ అమావాస్యకు ముందు ఇక్కడ ఇళ్లకు సున్నం వేస్తారు. నేను వెళ్లేసరికి బాలమ్మ మూడు గోడలు ముగించింది. నాలుగో గోడ మీది బొమ్మ, ఆమె కొడుకు పుణె పనికి పోయే ముందు వారం గీసినది. పోయిన చలికాలం అక్కడ కడుతున్న మేడ మీంచి పడి అతను చనిపోయాడు. ఈసారి బియ్యం అతని పేరున కూడా ఇవ్వాలి.

"సదువుకున్నదానివి, జర జెప్పు బిడ్డా. గామె నేనే గదా?" అంది. చేతిలోని కుంచె నుంచి సున్నం కారుతోంది. "మూతెందుకు గియ్యలే? పోతున్ననమ్మా అంటే పోకురా అని అనలే నేను. ఇంట్ల గింజ లేకుండె. గందుకే కోపమొచ్చి గిట్ల గీసిండా?"

నేను రాసుకున్న దాంట్లో ఆమెకు చెప్పదగ్గ మాట ఒక్కటీ లేదు. కోపం లేదని అనేయవచ్చు. కానీ నాకు తెలియదు. గోడ దగ్గరికి వెళ్లి చూశాను. చివరి నిచ్చెన సగంలో, ఫోటోలో కనిపించనంత చిన్నగా, ఒక మనిషి ఉన్నాడు. వెనక్కి తిరిగి ఆ స్త్రీనే చూస్తున్నాడు.

"మీ కొడుక్కు కూడా మూతి లేదమ్మా. ఇద్దరికీ లేదు," అన్నాను.

బాలమ్మ గోడకు ముఖం దగ్గరగా పెట్టి చూసింది.

"ఎనక్కి తిరిగి సూసిండు. అమ్మ ఆపుతదేమో అని సూసిండు," అంది.

కాదమ్మా అనబోయాను. ఆమె అప్పటికే కుంచె ముంచి, ముందుగా ఆ చిన్న మనిషి మీదే సున్నం వేసింది.

ఒంటిగంట బస్సులో తిరిగి వచ్చాను. నేను చెప్పింది ఉన్నదే. ఓదార్పు అవుతుందనుకుని చెప్పాను. నేను వెళ్లేదాకా ఆమెకు కొడుక్కి కోపమొచ్చిందేమోనన్న అనుమానం మాత్రమే ఉండేది. ఒక బొమ్మకు అర్థం చెప్పడమంటే ఏమిటో నాకు పుస్తకాల్లో తెలియలేదు.

ఈ వైపు ఇళ్లలో గోడ బొమ్మలు చూడాలనుకునేవారు పెత్తరమాసకు కనీసం పది రోజుల ముందే రండి. బాలమ్మ ఇంటికి మాత్రం వెళ్లకండి. అక్కడ చూడటానికి ఏమీ లేదు.