మేడ మీద క్లాసు, మిల్లు గేటు క్యారియరు

మా చిన్నప్పుడు... పాండిచ్చేరిలో మధ్యాహ్నం మిల్లు సంగు, అదే సైరను, ఊదిందంటే మా వీధి పిల్లలందరి చేతుల్లోకీ క్యారియర్లు వచ్చేవి. బడిలో అన్నం గంట కొట్టగానే ఇంటికి ఉరకాలి. అమ్మ సర్ది పెట్టిన క్యారియరు ఎత్తుకుని మిల్లు గేటుకు పోవాలి. మా నాయన తిన్నాక ఖాళీ గిన్నెలు ఇంట్లో పడేసి మళ్ళీ బడికి... దారంతా రసం కారి నా పావడాకు ఒక పక్క ఎప్పుడూ మరకే.

నాయన చివర్లో మజ్జిగన్నం ముద్దకు ఊరమిరపకాయ తునక అద్ది నా అరచేతిలో పెట్టేవాడు. బడికి ఆలస్యమైపోతుందని సరిగా నమలకుండానే మింగేసి పరిగెత్తేదాన్ని.

మా ఇంట్లో నా ఈడుదే ఇంకో పిల్ల ఉండేది... వసంత. మా పెద్దనాయన కూతురు. ఆయన దాని పసితనంలోనే పోతే పెద్దమ్మా, అదీ మాతోనే ఉండిపోయారు. ఇద్దరిదీ ఒకే తరగతి, ఒకే బెంచీ. లెక్కల్లో మార్కులు కూడా ఇంచుమించు ఒకటే. తల దువ్వుకునే దువ్వెన దగ్గర తప్ప మాకు తగాదా ఉండేది కాదు.

ఏడో తరగతిలో ఉండగా లెక్కల సారు స్పెషల్ క్లాసు పెట్టారు. సర్కారు బడిలో అలాంటిది మేం ఎప్పుడూ వినలేదు. బాగా చేసేవాళ్ళను ఏరి, మేడ మీద గదిలో పై తరగతి లెక్కలు ముందే నేర్పుతారట. అందులో నిలిచినవాళ్ళకే ఎనిమిదిలో ఏ సెక్షన్. అంటే ఇంగ్లీషులో పాఠాలు, ప్రయోగాల గది, ఆ పైన పెద్ద చదువు... సాయంత్రం సారుకు బస్సు ఉంది కాబట్టి క్లాసు అన్నం వేళలోనే.

"ఆర్. వసంత, జి. కామాక్షి" అని సారు మా ఇద్దరినీ పిలిచారు. కామాక్షిని నేనే. రోజూ రాగలిగితేనే రండి అన్నారు.

ఇంట్లో క్యారియరు ఒక్కటే. వంట పూర్తయ్యేసరికి నాయన పొద్దుటి షిఫ్టుకు వెళ్ళిపోయి ఉంటాడు. అమ్మకూ పెద్దమ్మకూ ఆ వేళకు వీధి కుళాయి దగ్గర బిందెలు. ఎవరో ఒకరమే మేడెక్కగలం. తీర్పు మా అవ్వది.

"అన్నం ఎవరి నాయనకి? నీ నాయనకే గదా... నువ్వే ఎత్తుకపో. దానికి నాయన లేడు, సదువన్నా ఉండనీ."

ఆ మాటకు ఎదురు చెప్పే నోరు మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఇక చూడండి నా కుళ్ళు... వసంత సాయంత్రం పావడా మీద సుద్దపొడి దులుపుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. రాత్రి పలక మీద అంకెల మధ్య ఇంగ్లీషు అక్షరాలు పెట్టి లెక్కలు చేసేది. "ఈ ఎక్స్ ఏందే?" అంటే "క్లాసులో ఉంటేనే తెలుస్తాదిలే" అనేది. ఆ 'లే' నాకు ఇప్పటికీ చెవిలో గుచ్చుకుంటుంది.

ఒకరోజు ఎండలో క్యారియరు మోసుకుపోతూ, నాయన లేకపోవడం ఎంత సుఖమో అనుకున్నాను. అనుకున్న వెంటనే భయమేసి, నడిరోడ్డు మీదే క్యారియరు కింద పెట్టి చెంపలు వేసుకున్నాను.

కొన్నాళ్ళకు వసంతే నా దగ్గరికి వచ్చింది. "కామూ, ఈ పొద్దు నువ్వు మేడ మీదికి పోవే. క్యారియరు నేను ఎత్తుకపోతా."

"ఏంది ఇంత ప్రేమ?"

"ఊరికే."

నేను మేడెక్కాను. కిటికీలోంచి సముద్రపు గాలి వస్తోంది. సారు బోర్డు మీద నింపాదిగా, ఒక్కో మెట్టు విడమరిచి చెప్తున్నారు. సగమే అర్థమైంది, అయినా దిగబుద్ధి కాలేదు. గంట కొట్టాక సారు, "ఇలా మార్చి మార్చి వస్తే కుదరదమ్మా. రేపటినుంచి ఎవరు వస్తారో మీరే తేల్చుకోండి" అన్నారు. నేనే వస్తానని మనసులో అప్పుడే తేల్చేసుకుని గబగబా మెట్లు దిగాను.

కింద కుళాయి దగ్గర వసంత చెయ్యి కడుక్కోకుండా నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది.

"చిన్నాయన కడముద్ద నా చేతిలో పెట్నాడే... గేటు కాడ అందరికీ 'ఇది మా అన్న కూతురు' అని చూపించినాడు. రేపూ నేనే పోతా."

ఆ ముద్ద నాది. అన్నాళ్ళూ దాన్ని లెక్కే చెయ్యనిదాన్ని, ఇంకొకరి అరచేతిలో పడిందనేసరికి తట్టుకోలేకపోయాను.

"రేపటినుంచి క్యారియరు నాదే. నువ్వు క్లాసుకు పో" అన్నాను.

అంతే. నా ఏ సెక్షన్ ఆ కుళాయి దగ్గరే పోయింది... ఎవరూ లాక్కోలేదు, నేనే ఇచ్చేశాను. వసంత ఎనిమిదిలో ఏ సెక్షన్‌కు వెళ్ళింది, ఇంజనీరై కరెంటాఫీసులో పెద్ద కుర్చీలో కూర్చుంది. నేను కుట్టుమిషను ముందు కూర్చున్నాను. దాని జీపు మా వీధిలోకి వచ్చినప్పుడల్లా నా మిషను కాస్త గట్టిగా తిరిగేది.

పోయిన నెల రెడ్డియార్‌పాళయంలో వాళ్ళింటికి వెళ్తే, మజ్జిగన్నం వడ్డిస్తూ అంది... "నీకేమే, దినమూ నాయన చేతి ముద్ద తిన్నదానివి." నవ్వుతూ అనలేదు. ఇన్నేళ్ళూ అది కూడా నన్ను చూసి కుళ్ళుకుంటూనే ఉందన్నమాట. మనసులో మాట చెప్పాలంటే... కాస్త హాయిగా అనిపించింది.

ఇప్పుడు ఆ మిల్లూ లేదు, సంగూ లేదు, నాయనా లేడు. మా మనవడికి స్పెషల్ క్లాసు ఫోన్లోనే వస్తుంది, అన్నం పక్కనే డబ్బాలో ఉంటుంది. వాడు రెండూ సగం సగం వదిలేసి లేచిపోతాడు. వాడిని చూసినా నాకు కుళ్ళే...

మీ ఇంట్లో మీరెవరిని చూసి కుళ్ళుకునేవారు? దాచకుండా రాయండి... నేనొక్కదాన్నే ఇలాంటిదాన్ని అనిపించుకోవడం బాగుండదు.