లీనా ఆంటీ నాన్నగారి సాక్ష్యం

ఏళ్లుగా ఇది నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకే చెబుతున్నాను.

కెనడాలోని విన్నిపెగ్‌లో చదువుకునే రోజుల్లో లీనా ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని. ఆమె సోవియట్ దేశంలో పెరిగిన మెన్నోనైట్, అదొక క్రైస్తవ శాఖ. ప్రభుత్వం చర్చిలు మూసేస్తే, తలుపులు బిగించుకుని ఇళ్లలోనే ప్రార్థన చేసుకున్న మనుషులు వాళ్లు. మా పాలమూరులో సువార్త చెప్పింది కూడా రష్యా మూలాలున్న ఆ శాఖవాళ్లే. అందుకే మా తెలుగు సంఘం ఒక ఆదివారం ఆమెను మాట్లాడమని పిలిచింది. ఆమె ఇంగ్లిష్‌ను తెలుగు చేసే పని నాది.

ఏం చెప్పబోతోందో ఆమె నాకు ముందే చెప్పింది. వాళ్ల నాన్న ఆ రహస్య సంఘానికి పెద్ద. పోలీసులు బెదిరిస్తే కోర్టులో తోటి విశ్వాసుల మీద సాక్ష్యం చెప్పాడు. ఇద్దరు జైలుకు పోయారు, తిరిగి రాలేదు. చనిపోయేలోపు ఆ సంగతి ఒక సంఘం ముందు ఒప్పుకోవాలని ఆమె కోరిక. సొంతవాళ్ల ముందు నోరు రాలేదట.

మరి నేనేం చేశాను? “నాన్నగారు కోర్టులో సాక్ష్యం చెప్పారు” అన్నాను. ఎవరి మీదో చెప్పేలోపే జనం స్తోత్రం అన్నారు. మా చర్చిల్లో సాక్ష్యమంటే దేవుడి కోసం నిలబడటమే కదా. అంతవరకు నోటి పొరపాటే అనుకుందాం. ఆ తర్వాతది? ఆ ఇద్దరూ ఆయనతోపాటు శ్రమలు పడ్డారని నేనే కల్పించాను. అందరి కన్నీళ్లు చూసి జాలేసిందా, లేక నా అనువాదానికి వస్తున్న మెప్పు పోతుందని భయమా? భయమే.

ఆరాధన అయ్యాక అందరూ వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. తిరిగొస్తుంటే కారులో ఆమె అడిగింది.

“మా నాన్న చేసింది విన్నాక కూడా వాళ్లు నా చేతులు పట్టుకున్నారా?”

“అవును ఆంటీ” అన్నాను.

ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉంది. ఆ చలికాలంలోనే పోయింది.

ఇప్పుడు మా సండే స్కూల్ పిల్లలు ఆయన మీద నాటకం వేస్తున్నారు. ఆయనే వీరుడు. జైల్లో పోయిన ఇద్దరూ పక్కన నిలబడతారు, వాళ్లకు ఒక్క మాటా లేదు. రిహార్సల్‌కు రమ్మని నన్ను పిలుస్తుంటే ఒళ్లు మండిపోతుంది, వాళ్ల మీద కాదు, నా మీదే. నిజం చెబితే ఆమెకు దొరికిన మన్నింపు పోతుందని ఇన్నాళ్లూ నన్ను నేను నమ్మించుకున్నాను. ఎంత మంచి వంక! ఏ మన్నింపు? జరిగిందేమిటో తెలియనివాళ్లు దేన్ని మన్నిస్తారు?

ఆయన తనవాళ్లను పట్టించాడు. ఆయన కూతురు అది దాచకుండా చెప్పింది. దాచింది నేను. ఇంతే. ఒక్కసారైనా అనేశాను.