అక్క ముక్కకు పసుపు, నా ముక్కకు ఆకుపచ్చ

మడికొండలో మామయ్య కొన్న జాగాను మా ఆయనా, వాళ్లన్నా పంచుకున్నప్పుడు పెద్దవాళ్లు వాటాలు వేశారు, ఆనవాయితీ ప్రకారం చిన్నవాళ్లమైన మేం ముందు కోరుకున్నాం. వాస్తు చూసి తూర్పు ముక్క కావాలని పట్టుబట్టింది నేనే. పడమర ముక్క మా తోడికోడలికి, అంటే అక్కకు, మిగిలింది.

ఈ రోజు కొత్త మాస్టర్ ప్లాన్ మీద జనం మాట వింటామని కార్పొరేషన్‌లో మీటింగ్ పెడితే ఇద్దరం వెళ్లాం. గోడ మీది మ్యాపులో అక్క ముక్కకు పసుపు రంగు, అంటే ఇల్లు కట్టుకోవచ్చు. నా ముక్కకు ఆకుపచ్చ, అంటే పార్కు. ఆ గీత సరిగ్గా మా ఇద్దరి హద్దు మీదుగానే పోయింది! "అభ్యంతరం రాసియ్యండమ్మా, చూద్దాం" అన్నాడు ఆఫీసరు.

కొత్తవాడలోని మా అద్దింటికి తిరిగొస్తుంటే ఆటోలో అక్క నా చేయి పట్టుకుంది.

"ఫికర్ చెయ్యకు చెల్లె, నీ దిక్కు నేను కొట్లాడుత. ఒకవేళ పార్కే అయిందనుకో, మా వరండాకు తూర్పు గాలి మంచిగొస్తది. రోజూ వచ్చి కూసో."

పాపం, మనస్ఫూర్తిగానే అంది. తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేసింది.

ప్లాటు పోతుందన్న దిగులు సగమే. నేను ఏరికోరి తీసుకున్న తూర్పు గాలి ఆమె వరండాలో వీస్తుందన్న కుళ్లే మిగతాదంతా. మీకైతే ఉండదా? నిజం చెప్పండి.