లోపల మిగిలే గుడ్డ

తాగుడు మానేసి, పొద్దున్నే నడవడం మొదలుపెట్టినాక ఏడాదిలో నా పొట్ట కరిగిపోయింది. మా వైపు మనిషి సన్నబడితే ఎవరూ మెచ్చుకోరు, షుగరొచ్చిందని జాలిపడతారు. నేనూ అవునని తప్పించుకునేవాణ్ణి.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో, జారిపోతున్న నా ప్యాంటు చూసి పక్కనున్న అవ్వ కూడా "షుగరా నాయనా?" అనింది. మళ్లీ కనబడే మనిషి కాదు కదా అని నిజం చెప్పినా.

"కాదవ్వా, తాగుడు మానేసినా."

శిరివెళ్ల దాటినాక ఆమె భుజం మీద కొంగుకున్న పిన్నీసు తీసి, నడుం దగ్గర పెట్టుకోమని ఇచ్చింది.

"టైలరుతో బిగుతు చేయించుకో. లోపల గుడ్డ మాత్రం మిగల్చొద్దని చెప్పు. మా ఇంటాయనా నీ మాదిరే మానేసి, గుడ్డ మిగిలిచ్చుకున్న్యాడు. ఆర్నెల్లకే మళ్లీ కుట్లు విప్పిచ్చినాడు."

"ఇప్పుడెట్లుండాడవ్వా?"

"లేడప్పా."

దిగేదాకా ఆమె కొంగు చేత్తో పట్టుకునే కూచుంది.

ఆళ్లగడ్డలో నేరుగా టైలరు దగ్గరికి పోయినా. ఆయన ప్యాంటు మీద సుద్దతో గీత గీసి, "షుగరు తగ్గితే మళ్లీ ఒళ్లొస్తాది, లోపల గుడ్డ మిగులుస్తాలే" అన్నాడు.

"షుగరు కాదన్నా, తాగుడు మానేసినా" అన్నా. "కత్తిరించెయ్."